దిగుమతి పండ్లు, పప్పుధాన్యాలకు ప్లాంట్ క్వారంటైన్ తనిఖీ: ఒప్పందం నుంచి విడుదల ఉత్తర్వు దాకా

విశాఖపట్నం రేవులో దిగిన కందుల కంటైనరైనా, చెన్నైలో దిగి హైదరాబాద్ శివార్లలోని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు రావలసిన యాపిల్ కంటైనరైనా, సరుకుతో పరాయి పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసే ప్లాంట్ క్వారంటైన్ అధికారి విడుదల ఉత్తర్వు ఇచ్చేవరకు అక్కడి నుంచి కదలదు. కొత్తగా వ్యాపారంలోకి వచ్చినవారు చాలామంది దీన్ని కస్టమ్స్ పనిలో భాగంగా పడే ఒక ముద్ర అనుకుంటారు. సరుకు ఆగిపోయి, రేవు అద్దె, రీఫర్ (లోపల చల్లదనం నిలిపే) కంటైనర్ కరెంటు ఖర్చు రోజురోజుకూ పెరుగుతున్నప్పుడు గానీ ఇది వేరే చట్టం కింద, వేరే ఉద్దేశంతో జరిగే వేరే పరీక్ష అని వారికి అర్థం కాదు. నేను దిగుమతిదారుల తరఫున పత్రాలు సిద్ధం చేసి, తనిఖీ సమయంలో కంటైనర్ తలుపు దగ్గర నిలబడే పని చేస్తాను. ఆగిపోయిన సరుకుల్లో ఎక్కువ భాగానికి కారణం రేవులో పుట్టింది కాదని, పరాయి దేశపు గోదాములో లోడింగ్ నాడే, ఇంకా చెప్పాలంటే ఒప్పందం రాసుకున్న నాడే పుట్టిందని ఈ అనుభవం నాకు నేర్పింది. అందుకే ఈ మార్గదర్శిని రేవు దగ్గర కాకుండా అంతకు చాలా ముందు నుంచి మొదలుపెడుతున్నాను.

ఈ తనిఖీ ఎవరి కోసమో ముందుగా చెప్పాలి. 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల్లో పూలలోకి దూరి, పూత మొత్తం రాల్చేసిన నల్ల తామర పురుగును ఆ రైతులు అంతకు ముందు ఎన్నడూ చూసి ఎరుగరు. ఆగ్నేయాసియాకు చెందిన ఆ పురుగును మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. ఆరేళ్లు తిరిగేసరికి అది మన మిరపను పట్టుకుంది. పొలం గట్ల మీద విరగబూసే వయ్యారిభామను మన దేశంలో 1955లో పుణే దగ్గర గుర్తించారు. అది విదేశీ గోధుమలతో కలిసి వచ్చిందని చాలాకాలంగా చెబుతారు. కొబ్బరిని పీడించే ఎరియోఫిడ్ నల్లి 1998లో కేరళలో, బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో, కొబ్బరి ఆకుల అడుగున తెల్లగా సుడులు చుట్టే రుగోస్ తెల్లదోమ 2016లో పొల్లాచ్చిలో బయటపడ్డాయి. ఈ చివరిది కొద్ది కాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి తోటల దాకా వచ్చేసింది. ఒకసారి స్థిరపడిన పురుగును దేశం నుంచి పూర్తిగా వెళ్లగొట్టడం దాదాపు అసాధ్యం. కంటైనర్ తలుపు దగ్గర పట్టుకోవడమే అన్నిటికంటే చవకైన మందు. ఆ రైతు అక్కడ ఉండడు కాబట్టి, అతని తరఫున అధికారి చూస్తున్నాడని అనుకుంటే తనిఖీ మీద మనకు ఉండే విసుగు చాలావరకు తగ్గుతుంది.

మొదటి పని: మీ సరుకు ఏ షెడ్యూల్లో ఉందో చూడడం

మన దేశంలో ఈ వ్యవస్థకు మూలం 1914 నాటి వినాశకర కీటకాలు, తెగుళ్ల చట్టం. దాని కింద 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వే నేటి దిగుమతులకు ఆధారం. ఆ ఉత్తర్వు తరచుగా సవరణలకు లోనవుతుంది గనుక, నిరుటి ప్రతి దగ్గర పెట్టుకుని ఈ ఏడు ఒప్పందం చేసుకోవద్దు. అమలు చేసేది కేంద్ర వ్యవసాయ శాఖ ఆధ్వర్యంలో, ఫరీదాబాద్ ప్రధాన కేంద్రంగా పనిచేసే సస్యరక్షణ, క్వారంటైన్, నిల్వల డైరెక్టరేట్. సరుకు అనుమతించిన రేవు లేదా విమానాశ్రయం ద్వారానే రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, కాకినాడ రేవులు ఆ జాబితాలో ఉన్నాయి.

ఉత్తర్వులోని షెడ్యూళ్లలో నాలుగు మనకు ముఖ్యం. నాలుగో షెడ్యూల్లో ఫలానా దేశం నుంచి ఫలానా మొక్క భాగం రాకూడదన్న నిషేధాలు ఉంటాయి. ఐదోది అధీకృత సంస్థల సిఫారసుతో మాత్రమే తెచ్చుకోదగినవాటి పట్టిక. ఆరోదానిలో ఉన్న సరుకుకు ఎగుమతి దేశం కొన్ని అదనపు ప్రకటనలు చేయాలి, ప్రత్యేక షరతులు పాటించాలి. తినడానికి తెచ్చే తాజా పండ్లూ పప్పుధాన్యాలూ ఎక్కువగా ఇక్కడే కనిపిస్తాయి. ఏడోదానిలోని సరుకులు ఎగుమతి దేశపు సస్యారోగ్య ధ్రువపత్రం, ఇక్కడి తనిఖీ, అవసరమైతే ధూమీకరణ (విషవాయువుతో పురుగుల్ని చంపడం) ఆధారంగా వస్తాయి. షెడ్యూల్ చదివేటప్పుడు పంట పేరు కనిపించగానే ఆగిపోకండి. అదే వరుసలో దేశం పేరు, మొక్కలో ఏ భాగం, ఏ అవసరానికి అన్న మూడూ సరిపోవాలి. ఒక దేశపు కందులకు అనుమతి ఉంటే పక్క దేశపు కందులకు కూడా ఉన్నట్టు కాదు. తినడానికి అనుమతించిన గింజను విత్తనంగా తేవడానికి అదే అనుమతి పనికిరాదు.

మీ సరుకూ దేశమూ కలిసి ఏ షెడ్యూల్లోనూ లేకపోతే, ముందుగా ఆ దేశం నుంచి ఆ సరుకుతో రాగల పురుగులు, తెగుళ్ల మీద ముప్పు విశ్లేషణ జరగాలి. అది వారాలతో తేలే పని కాదు. ఎగుమతి దేశపు సస్యరక్షణ సంస్థ తన దగ్గరి చీడపీడల సమాచారం పంపాలి, మన సంస్థ దాన్ని పరిశీలించి షరతులు నిర్ణయించాలి. ‘అక్కడ రేటు బాగుంది, సరుకు ఎక్కిస్తాం, ఈలోగా అనుమతి వచ్చేస్తుంది’ అనే మాట విన్నప్పుడల్లా నేను వద్దనే చెబుతాను.

రెండో పని: దిగుమతి పర్మిట్

ఐదు, ఆరు షెడ్యూళ్ల సరుకులకు ఇంపోర్ట్ పర్మిట్ తప్పనిసరి. డైరెక్టరేట్ వారి ఆన్‌లైన్ వేదిక పీక్యూఎంఎస్‌లో దిగుమతిదారుగా నమోదై దరఖాస్తు చేసుకోవాలి. పర్మిట్ చేతికి వచ్చాకే ఓడ ఎక్కించమని అమ్మకందారుకు చెప్పండి. ఇది ఒకరి పేరు మీద తీసుకుని మరొకరు వాడుకునే పత్రం కాదు. దానిమీద ఉన్న గడువు తేదీని, సరుకు పరిమాణాన్ని, మూల దేశాన్ని, దిగే రేవును ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. మూల దేశం అంటే పంట పండిన దేశం. దుబాయ్ వ్యాపారి బిల్లు ఇచ్చినా, సింగపూర్‌లో ఓడ మారినా, మొజాంబిక్ పొలంలో పండిన కంది మొజాంబిక్ కందే.

ఇంకో మాట. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే అనుమతి వేరు, ఇది వేరు. అక్కడ చూసేది తినేవాడి ఆరోగ్యం, ఇక్కడ చూసేది పంట ఆరోగ్యం. ఒకటి వచ్చింది గదా అని రెండోదాన్ని మరచిపోకూడదు.

మూడో పని: ధ్రువపత్రం ముసాయిదాను ముందే తెప్పించుకోవడం

ఈ మొత్తం మార్గంలో మీ శ్రద్ధకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం దక్కేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సస్యారోగ్య ధ్రువపత్రాన్ని వాడుకలో ఫైటోశానిటరీ సర్టిఫికెట్, ఇంకా పొట్టిగా ఫైటో అంటారు. దీన్ని అమ్మకందారు గాని, ప్రైవేటు తనిఖీ సంస్థ గాని ఇవ్వలేరు. ఆ దేశ ప్రభుత్వపు సస్యరక్షణ సంస్థ మాత్రమే 1951 నాటి అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక సూచించిన నమూనాలో ఇవ్వాలి. ఓడ బయలుదేరాక దాన్ని సవరించుకోవడం చాలా కష్టం. అందువల్ల ముసాయిదా ప్రతిని లోడింగ్‌కు ముందే తెప్పించుకుని, దాన్ని పర్మిట్ పక్కన పెట్టి, వరుస వరుసా వేలుపెట్టి చదవండి.

ముందుగా చూడవలసింది శాస్త్రీయ నామం. వ్యాపారంలో మినుములకు బ్లాక్ మాట్పే అనే పేరు నడుస్తుంది, బర్మా సరుకు కొనేవారికి ఇది బాగా తెలుసు. ధ్రువపత్రంలో మాత్రం విగ్నా ముంగో అని ఉండాలి. అదే చోట విగ్నా రేడియేటా అని పడితే అది పెసర అవుతుంది, పర్మిట్‌కూ సరుకుకూ పొంతన పోతుంది. కంది అయితే కజానస్ కజాన్. ఒక్క పదం తేడాకు నెలల పని దెబ్బతినడం నేను చూశాను.

తరువాతిది అదనపు ప్రకటన. ఆరో షెడ్యూల్లో మీ సరుకు ఎదురుగా ‘ఈ ఈ పురుగులు, తెగుళ్లు లేవు’ అని ఏ మాటలు కోరారో, ధ్రువపత్రంలో ఆ మాటలే రావాలి. ‘ఈ సరుకు చీడపీడలు లేనిది’ అనే మొత్తం మీద చెప్పే వాక్యం ఆ పేర్లకు బదులు కాదు. షెడ్యూల్లో మూడు పేర్లుండి ధ్రువపత్రంలో రెండే ఉంటే, మూడో పురుగు గురించి ఆ దేశం ఏమీ చెప్పనట్టే లెక్క.

మూడోది శుద్ధి వివరాల గడి. రసాయనం పేరు, మోతాదు, ఎన్ని గంటలు, ఎంత ఉష్ణోగ్రతలో, ఏ తేదీన అన్నవన్నీ అక్కడ ఉండాలి. కొన్నేళ్ల కిందట తూర్పు ఆఫ్రికా నుంచి మా ద్వారా వచ్చిన ఒక కందుల సరుకుకు ఈ గడి ఖాళీగా వచ్చింది. ధూమీకరణ చేసిన సంస్థ ఇచ్చిన వేరే కాగితం ఉంది గాని, అందులో ఉష్ణోగ్రత రాయలేదు, కంటైనర్ నంబరులో ఒక అంకె తేడా ఉంది. అమ్మినవారు ‘చేశాం, నమ్మండి’ అన్నారు. నమ్మకం మీద సరుకు వదిలే అధికారం ఎవరికీ లేదు. ఇక్కడ మళ్లీ ధూమీకరణ చేయించి విడిపించుకునేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల ఖర్చును చిన్న వ్యాపారి అయిన ఆ దిగుమతిదారు సొంత జేబులోంచి పెట్టుకున్నాడు. ముసాయిదాను ముందే అడిగి ఉంటే అది తప్పేది. అడగవలసింది నేనే.

సరుకు మధ్య దేశంలో దిగి మళ్లీ ఎగుమతి అయితే, ఆ దేశం ఇచ్చే పునరెగుమతి ధ్రువపత్రంతో పాటు మూల దేశపు అసలు పత్రం గాని, ధ్రువీకరించిన నకలు గాని జతపడాలి.

నాలుగో పని: లోడింగ్ నాటి శుద్ధి, శీతల చికిత్స

పప్పుధాన్యాలకు మన ఉత్తర్వులో తరచుగా కనిపించే షరతు మిథైల్ బ్రోమైడ్ వాయువుతో ధూమీకరణ. సాధారణ వాతావరణ పీడనంలో, 21 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు పైన, ఘనపు మీటరుకు 32 గ్రాముల చొప్పున 24 గంటలు ఉంచాలి. ఈ అంకెలు మీకు నోటికి వచ్చి ఉంటే పత్రంలోని పొరపాటు ఇట్టే దొరుకుతుంది. 20 అడుగుల కంటైనర్ లోపలి ఘనపరిమాణం సుమారు 33 ఘనపు మీటర్లు. 32తో గుణిస్తే 1,056 గ్రాములు. అంటే ఒక్కో కంటైనర్‌కు కిలోకు కొద్దిగా పైన వాయువు పట్టాలి. పది కంటైనర్లకు నాలుగు కిలోలు వాడినట్టు కాగితంలో కనబడితే, ఎక్కడో తప్పు జరిగిందని అప్పుడే అడగవచ్చు. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ పురుగు ఊపిరి మందగిస్తుంది, వాయువు పని కూడా మందగిస్తుంది. చలి దేశాల సరుకులో ఈ గడిని ముఖ్యంగా చూడాలి.

మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి మాంట్రియల్ ఒప్పందం కింద దాని మామూలు వాడకం ఆగిపోయింది. క్వారంటైన్ అవసరాలకు, ఓడ ఎక్కించే ముందు శుద్ధికి మాత్రం మినహాయింపు ఉంది. కొన్ని దేశాలు ఈ వాయువు వాడకాన్ని పూర్తిగా మానేశాయి. అటువంటి దేశం నుంచి కొనేటప్పుడు శుద్ధి ఎక్కడ జరగాలి, ఖర్చు ఎవరిది అన్నది ఒప్పందంలోనే రాసుకోండి. షరతు నెరవేరకుండా వచ్చిన సరుకుకు సడలింపు దొరికినా, రుసుము మామూలుకు అనేక రెట్లు కావచ్చు.

తాజా పండ్ల సంగతి వేరు. వాయువు చాలా పండ్లను పాడుచేస్తుంది, అందుకని చలినే మందుగా వాడతారు. మధ్యధరా పండు ఈగకు చాలాకాలంగా వాడుకలో ఉన్న పట్టికలో 1.1 డిగ్రీలు లేదా అంతకు తక్కువలో 14 రోజులు, 1.7 డిగ్రీల దగ్గర 16 రోజులు, 2.2 డిగ్రీల దగ్గర 18 రోజులు అని ఉంటుంది. మీ సరుకుకు వర్తించే అంకెల్ని షెడ్యూల్ నుంచే తీసుకోవాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది కంటైనర్ గాలి చల్లదనం కాదు, పండు గుజ్జులోకి గుచ్చిన సెన్సర్ చూపే ఉష్ణోగ్రత. లోడింగ్‌కు ముందు ఆ సెన్సర్లను కరుగుతున్న మంచు నీటిలో పెట్టి, సున్నా చూపిస్తున్నాయో లేదో సరిచూడాలి. దారిలో ఒకసారి కరెంటు పోయి గుజ్జు వేడెక్కితే చికిత్స అక్కడితో విఫలం కావచ్చు. ఉష్ణోగ్రతల నమోదు పట్టికను ఓడ రేవు చేరకముందే తెప్పించుకుని, అది గీత దాటిన గంటలు ఉన్నాయేమో మీరే చూసుకోవాలి. పండ్లను ముందుగా చల్లబరచకుండా వేడివేడిగా కంటైనర్లోకి ఎక్కించడమే ఈ వైఫల్యాలకు నేను ఎక్కువగా చూసిన కారణం.

ఐదో పని: సరుకు చుట్టూ ఉన్న చెక్క, గడ్డి, మట్టి

పండు శుభ్రంగా ఉండి, దాని కింద పెట్టె అడుగున ఉండే చెక్క పలకల చట్రం, అంటే ప్యాలెట్, పురుగుపట్టి ఉంటే సరుకు ఆగుతుంది. ముడి కలపతో చేసిన ప్యాకింగ్‌కు అంతర్జాతీయ సస్యరక్షణ ప్రమాణం 15 (ఐఎస్‌పీఎం 15) ప్రకారం శుద్ధి జరగాలి. వేడి పద్ధతిలో అయితే కలప నడిమి భాగం 56 డిగ్రీలకు చేరి 30 నిమిషాలు తగ్గకుండా ఉండాలి. అలా శుద్ధి చేసిన చెక్క మీద గోధుమ కంకి బొమ్మ, రెండక్షరాల దేశపు గుర్తు, తయారీదారు సంఖ్య, శుద్ధి పద్ధతి అక్షరాలు ఉన్న ముద్ర పడుతుంది. ప్లైవుడ్‌కూ, 6 మిల్లీమీటర్లు మించని పలుచని చెక్కకూ ఈ నిబంధన లేదు. పాత ప్యాలెట్‌కు విరిగిన చోట కొత్త ముక్క కొట్టి, ఆ ముక్కకు శుద్ధి చేయకుండా పంపడం పరిపాటి. ఫొటోలు తెప్పించుకుంటే అది కనబడుతుంది. ఎండు గడ్డి, వరిగడ్డి వంటివి ప్యాకింగ్‌గా రాకూడదు. మట్టి అసలే రాకూడదు. కంటైనర్ నేల మూలల్లో పాత సరుకు గింజలు, మట్టిబెడ్డలు ఉంటే అవి మీ సరుకు ఖాతాలోకే వస్తాయి, అందుకని నింపే ముందు ఊడిపించమనండి.

ఆరో పని: రేవులో దరఖాస్తు

సరుకు చేరగానే, వీలైతే చేరకముందే, కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన బిల్ ఆఫ్ ఎంట్రీతో పాటు క్వారంటైన్ తనిఖీకి నమోదు చేయాలి. 2016 ఏప్రిల్ నుంచి కస్టమ్స్ సింగిల్ విండో ఉండడంతో బిల్లు వివరాలు సంబంధిత శాఖలకు అక్కడి నుంచే వెళతాయి. పర్మిట్, ధ్రువపత్రం, ధూమీకరణ పత్రం, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సంస్థ ఇచ్చే సరుకు రసీదు), ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు సిద్ధంగా ఉండాలి. అన్నిటిలో కంటైనర్ నంబరు, సీల్ నంబరు, బరువు ఒక్కటిగా ఉండాలి. రుసుము కట్టి, తనిఖీ రోజు తీసుకుని, ఆ రోజు కంటైనర్‌ను తెరవడానికి కూలీలను, నీడ ఉన్న చోటును, వెలుతురును మీరే ఏర్పాటు చేయాలి. ధూమీకరణ చేసిన కంటైనర్ అయితే తలుపు తీసి గాలి ఆడనిచ్చి, లోపల వాయువు 5 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో ఐదు పాళ్లు) లోపు ఉందని పరికరంతో చూశాకే మనిషిని లోపలికి పంపాలి. మిథైల్ బ్రోమైడ్‌కు వాసన ఉండదు, అది గాలి కంటే బరువైనది, అడుగున నిలుస్తుంది. ఈ ఒక్క విషయంలో తొందర ప్రాణాల మీదికి తెస్తుంది.

ఏడో పని: తనిఖీ దగ్గర నిలబడి చూడడం

తలుపు తెరిచిన తొలి నిమిషం విలువైనది. లోపలి చీకట్లో ఉన్న రెక్కల పురుగులు వెలుతురు వైపు వస్తాయి, కాబట్టి అనుభవమున్న అధికారి ముందు తలుపు రబ్బరు అంచుల్ని, పై మూలల్ని చూస్తారు. పప్పుధాన్యాలలో బస్తాల కుట్ల వెంట, బస్తాకూ బస్తాకూ మధ్య రాలిన పిండిని చూస్తారు. తరువాత కంటైనర్ ముందు, నడుమ, వెనుక, పైన, కింద నుంచి ఎంచిన బస్తాల్లోకి గొట్టం గుచ్చి గింజలు తీసి, జల్లెడ పట్టి, కిందికి రాలినదాన్ని తెల్లని పళ్లెంలో పోస్తారు.

ఆ పళ్లెంలో కందులు పోసినప్పుడు ఏం చూడాలో చెబుతాను, ఇది మీరు మీ గోదాములో కూడా చేయవచ్చు. ముందు పళ్లాన్ని కదపకుండా ఒక నిమిషం ఉంచండి. బతికున్న పురుగు ఉంటే వెలుతురుకు తానే కదులుతుంది. తరువాత గింజల్ని వేలితో పలుచగా పరచి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. గింజ మీద సున్నపు చుక్కలాంటి తెల్లని బొట్టు ఉంటే అది పుచ్చుపురుగు గుడ్డు. గోటితో గీకితే గాని ఊడదు. గింజ పైపొర కింద గుండ్రంగా, కొంచెం నల్లబడిన పలుచని కిటికీలాంటి మచ్చ ఉంటే లోపలి పిల్లపురుగు ఎదిగి, బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నట్టు. గుండ్రని రంధ్రం ఉంటే అది వెళ్లిపోయినట్టు. మన గోదాముల్లో ఎప్పటి నుంచో ఉన్న జాతి కనబడితే పరిష్కారం సాధారణంగా ధూమీకరణతో ముగుస్తుంది. మన దేశంలో లేని జాతి కనబడితే కథ వేరు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే పురుగును ఆల్కహాలు సీసాలో వేసి ప్రయోగశాలకు పంపి, సూక్ష్మదర్శిని కింద పేరు తేల్చేవరకు మీరు తొందరపెట్టినా అధికారి మాట ఇవ్వరు. జల్లెడ కింద రాలిన కలుపు విత్తనాలను కూడా వేరుచేసి చూస్తారు. వయ్యారిభామ కథ తరువాత వాటిని చెత్త అని తీసిపారేసే రోజులు పోయాయి.

యాపిల్‌లో చూపు రెండు చోట్ల నిలుస్తుంది: తొడిమ గుంటలో, కింది పూవు గుంటలో. పూవు గుంటలోని ఎండిన రేకుల్ని సూదితో విప్పితే పిండినల్లి తెల్లని దూదిలా, నల్లి గుడ్లు ఎర్రని రేణువుల్లా కనిపిస్తాయి. తొక్క మీద బూడిద రంగు చిన్న బిళ్ల, దాని చుట్టూ ఎర్రని వలయం ఉంటే శాన్‌జోస్ పొలుసు పురుగు అని అనుమానించాలి. ఒక చిన్న రంధ్రం, దాని అంచున రంపపు పొట్టులాంటి విసర్జన ఉంటే పండును కోయాలి. గింజల గూడు దాకా సొరంగం వెళ్లిందంటే యాపిల్‌ను లోపల తొలిచే కాడ్లింగ్ మాత్ అనే పురుగు మీద అనుమానం పడుతుంది. నారింజలో తొడిమ బొత్తం కింద, ద్రాక్షలో గుత్తి నడిమి కాడల సందుల్లో చూడాలి. మెత్తబడిన మచ్చ మధ్య సూది గుచ్చినట్టు చుక్క ఉంటే, అది పండు ఈగ గుడ్డు పెట్టిన చోటు కావచ్చు. అలాంటి పండును తెల్లని గుడ్డ మీద కోయండి. ఎదిగిన ఈగ పురుగు శరీరాన్ని విల్లులా వంచి ఎగిరి దూకుతుంది. తెల్లగుడ్డ లేకపోతే అది ఎటు పోయిందో కూడా తెలియదు.

ఎన్ని పండ్లు చూస్తే చాలన్న ప్రశ్న తరచుగా వస్తుంది. పెద్ద సరుకులో నూటికి ఐదు పండ్లకు పురుగు ఉంటే, 95 శాతం నమ్మకంతో కనీసం ఒకటైనా పట్టుబడాలంటే 59 పండ్లను చూడాలి. నూటికి ఒక్కటే అయితే 299 చూడాలి. వెయ్యికి ఒకటి అయితే దాదాపు 3,000. ఇది సూటి గణితమే. ఇదే లెక్కను తిప్పి చూస్తే, నూటికి ఒక్కటి పాడైన సరుకులో 59 పండ్లే చూస్తే అది మన కళ్లు తప్పించుకునే అవకాశం 55 శాతం. ‘ఇన్ని పెట్టెలు విప్పడం దేనికి’ అని అధికారితో వాదించే ముందు ఈ అంకెను గుర్తుచేసుకోవాలి. ఒకే పెట్టెలోని 59 పండ్లు కూడా దీనికి సరిపోవు. వెయ్యికి పైగా పెట్టెలున్న 40 అడుగుల కంటైనర్లో అవి అన్ని మూలల నుంచి రావాలి. తలుపు దగ్గర అందంగా పేర్చిన పెట్టెలే చూపించడానికి మన కూలీలు ఉత్సాహపడతారు, వారిని ఆపండి. లోపలి పెట్టెలకు దారి చేసి ఇస్తే పని కూడా త్వరగా ముగుస్తుంది.

ఎనిమిదో పని: ఫలితాన్ని ఎదుర్కోవడం

ఏమీ కనబడకపోతే, పత్రాలు సరిపోతే విడుదల ఉత్తర్వు వస్తుంది. శుద్ధితో పోయే పురుగు అయితే గుర్తింపు పొందిన సంస్థతో ధూమీకరణ చేయించి, తిరిగి తనిఖీ చేస్తారు. శుద్ధితో పోని ముప్పు అయినా, నిషేధిత సరుకు అయినా తిప్పి పంపడమో, అధికారి సమక్షంలో ధ్వంసం చేయడమో మిగులుతుంది. రెండింటి ఖర్చూ దిగుమతిదారుదే. ఇక్కడి ఫలితాన్ని ఎగుమతి దేశపు సంస్థకు అధికారికంగా తెలియజేస్తారు. పదేపదే అదే లోపం వస్తే ఆ దేశపు సరుకు మొత్తానికే తలుపు మూసుకోవచ్చు. 2017లో చైనా యాపిళ్ల దిగుమతిని మన దేశం నిలిపివేసినది పురుగులు పట్టుబడడం వల్లనే.

సరుకు ఆగినప్పుడు అధికారిని బతిమాలడం కంటే, ఏ నిబంధన కింద ఆపారో రాతపూర్వకంగా తీసుకుని, ఆ ఒక్క లోపానికే జవాబు సిద్ధం చేయడం మేలు. అమ్మకందారుకు అదే రోజు తెలియజేయండి. ఒప్పందంలో ‘భారత క్వారంటైన్ షరతులు నెరవేర్చడం అమ్మకందారు బాధ్యత’ అన్న వాక్యం ముందే ఉంటే ఆ సంభాషణ చాలా సులువవుతుంది.

విత్తనాలు, అంట్లు, మొక్కలు తెచ్చేవారికి ఈ మార్గదర్శి చాలదు. వాటిలో చాలావాటిని దిగిన తరువాత కూడా వేరుగా పెంచి పరిశీలించవలసి ఉంటుంది. పరిశోధన కోసం వచ్చే జన్యు వనరుల విత్తనాలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌బీపీజీఆర్ (జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ) ప్రాంతీయ కేంద్రం చూస్తుంది. ఈ విద్యను పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవారికి అదే రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. ధూమీకరణ మీద అక్కడ శిక్షణ ఇస్తారు. అమెరికాకు వెళ్లే మనవాళ్ల పెట్టెల్లోంచి పచ్చి కరివేపాకు తీసేయడం కూడా ఈ శాస్త్రమే. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగుకు కరివేప ఇష్టమైన ఇల్లు.

తొమ్మిదో పని: విడుదల అయిన తరువాత

కంటైనర్ ఖాళీ అయ్యాక నేల మీద మిగిలే పిండి, పొట్టు, విరిగిన గింజలు, చిరిగిన బస్తాలు, కలుపు విత్తనాలు కలిసిన చెత్తను గోదాము వెనక కాలువలోకి ఊడ్చేయడం మన దగ్గర మామూలు. దాన్ని ఒక సంచిలోకి ఎత్తి కాల్చివేయండి, వీలుకాకపోతే లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ఏరి పక్కన పెట్టిన పాడైన పండ్లను పశువులకు వేయకండి, తోటల పక్కన పారబోయకండి. ధ్రువపత్రం, పర్మిట్, ఉష్ణోగ్రత పట్టిక, విడుదల ఉత్తర్వు నకళ్లను సరుకు వారీగా దాచుకుని, ఆ కట్ట పైన లోడింగ్ తేదీ, అమ్మకందారు పేరు, తనిఖీలో కనబడినది ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. తరువాతి సరుకుకు ముసాయిదా ధ్రువపత్రం తెప్పించుకున్న రోజు ముందుగా ఆ కట్ట విప్పి చూడండి.